గ్లాసు అడుగున ఎర్ర చుక్క

మొన్న హిందూపురం ఆసుపత్రిలో బీపీ మాత్రల కోసం వరుసలో నిలబడి ఉంటే, పక్క కిటికీ దగ్గర నా ఈడు మనిషి ఒకాయన తన డబ్బా తీసుకుని, నర్సమ్మతో మనవరాలి నామకరణం ముచ్చట చెప్పి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అవి హెచ్ఐవీ మాత్రలని డబ్బా చూడగానే పోల్చుకుని, వరుస వదిలి బెంచీ మీద కూర్చుండిపోయాను. వాటిని మానకుండా ఉంటే మా తమ్ముడూ ఇప్పటికి ఇంచుమించు ఆ ఈడుకు వచ్చి ఉండేవాడు.

పదిహేనేళ్ల కిందట వాడు ధర్మవరంలో మగ్గం నేసేవాడు. జబ్బు బయటపడగానే అమ్మ వాణ్ణి పోగులు అతకనివ్వలేదు. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు వేల నిలువు పోగులను ఒక్కొక్కటే పాతవాటికి మెలిపెట్టాలి. వేలు నాలుకకు తాకించి తడి చేసుకోవడం వాడి అలవాటు. ఆ ఎంగిలి చీరతో ఏ పెళ్లికూతురికో జబ్బు పోతుందని అమ్మ భయం. బీఎస్సీ చదివినదాన్ని, ఊరుకుంటానా?

“ఎంగిలితో అంటుకోదమ్మా, ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?”

“నువ్వు చెప్పి పోతావులే తల్లీ. రేపు పట్టు ఇచ్చే షావుకారు అడిగేది నన్ను!”

తమ్ముడికి ఆ పడుగునే చూపించి చెప్పాను: ఈ క్రిమి రోగాలతో పోరాడే తెల్ల కణాల్లో దూరి, అక్కడే పెరిగి, వాటినే నాశనం చేస్తుంది, రోజుకో పోగు తెగినట్టు ఒక్కొక్కటీ పోతున్నా ఏళ్ల తరబడి పైకేమీ కనబడదు, చివరికి క్షయలాంటిది వచ్చి పడితే ఆపే బలం ఒంట్లో ఉండదు, మాత్రలు ఆ తెగడాన్ని ఆపుతాయి, మానితే మళ్లీ మొదలు. బాగా చెప్పాననే అనుకున్నాను.

తెలిసినవాళ్ల కళ్లబడకూడదని వాడు నెలనెలా రైలెక్కి హిందూపురం వచ్చి, మాత్రలు తీసుకుని, మా ఇంట్లో అన్నం తిని పోయేవాడు. వాడి గ్లాసు మిగతావాటిలో కలవకుండా అడుగున గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టాను. పిల్లలున్న ఇల్లు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒకరోజు వాడే గ్లాసు కడిగి బోర్లించబోతూ చూశాడు.

“అమ్మంటే చదువుకోలేదు కదక్కా,” అన్నాడు, అంతే.

తర్వాతి నెల రాలేదు. వాడే వస్తాడులే అని నేనూ పంతం పట్టాను. నాలుగు నెలలకు ధర్మవరం పోతే మాత్రలు మానేసి, దగ్గుతూ, ఎముకల గూడై ఉన్నాడు. క్షయ. రైల్లో ఒళ్లో పడుకోబెట్టుకుని తెస్తుంటే పెనుకొండలో నీళ్లడిగాడు. సీసాతో వాడికి పట్టించి, అదే సీసా ఎత్తకుండా నోట పెట్టుకుని తాగాను, వాడు చూడాలని. వాడప్పటికే కళ్లు మూసుకున్నాడు. మూడోరోజు పోయాడు.

కాలం మారిందంటారు. నిజమే, ఆ మాత్రలు పుచ్చుకుంటూ ఇప్పుడు మనవరాళ్లను ఎత్తుకుంటున్నారు. కానీ మందు అప్పుడూ ఉండింది, నాకు తెలివీ ఉండింది. ఆ నవ్వే మనిషిని వెనక్కి పిలిచి ఒక్కమాట అడగాలనిపించింది: ఏమప్పా, మీ ఇంట్లో గ్లాసులన్నీ ఒకే తీరుగా ఉండాయా?