షాహీదా పట్టిన తాడు

దుబాయ్ మిర్దిఫ్‌లో మా సార్ విల్లా ముందు నేను కారు తుడుస్తుండగా ఇంట్లో పనిచేసే షాహీదాని సార్ కుక్క సీజర్ ఈడ్చుకుపోయింది. గోడ మీంచి పిల్లి దిగింది, అంతే. సీజర్ ఒక్క దూకు దూకింది. తాడు షాహీదా పిడికిలికి చుట్టలు చుట్టుకుని ఉంది కాబట్టి వదలాలన్నా వదలడానికి లేదు. బోర్లా పడి, ఇటుకల బాట మీద దవడ రాసుకుంటూ పక్క విల్లా గేటు దాకా వెళ్లింది. లేచేసరికి నోటి నిండా రక్తం. ముందు పన్ను సగం విరిగి బాట మీద పడి ఉంది. ఆమె దాన్ని ఏరి చున్నీ కొంగుకి ముడేసుకుంది. ఆ తర్వాత చెప్పు తీసి కుక్క మూతి మీద కొట్టింది. కుక్కకాటుకి చెప్పుదెబ్బ అంటారు. ఇక్కడ కాటు లేకుండానే చెప్పుదెబ్బ పడింది.

"సైతాన్ నాయాలా! నా పన్ను పెరికితివి గదరా!"

నేను నవ్వాను. నవ్వినందుకు రెండో చెప్పు నా మీదికి వచ్చింది.

షాహీదాది రాయచోటి దగ్గర పల్లె. మొగుడు తారిఖ్ తాగి వచ్చి కొట్టేవాడు. కొన్నేళ్లు పడింది. ఒక పొద్దున చపాతీలు ఒత్తుతుంటే వెనక నుంచి వచ్చి జుట్టు పట్టుకున్నాడు. ఆమె చపాతీ కర్రతో వాడి మోచెయ్యి విరగ్గొట్టింది. పెద్దలు పంచాయితీ పెట్టి, మొగుడి మీద చెయ్యెత్తిన ఆడదానిదే తప్పన్నారు. తప్పు నాదైతే ఊరు మీది, ఉంచుకోండి అని చెప్పి దుబాయ్ వచ్చేసింది. ఇదంతా ఆమె నాకు ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. చెబుతున్నంతసేపూ కంట్లో చుక్క నీరు లేదు, ఉల్లిపాయలకి కూడా.

నా పేరు దయాకర్. మాది జగిత్యాల వైపు. జెబెల్ అలీ రేవులో ట్రైలర్ తోలి నడుం పోగొట్టుకుని ఈ ఇంట్లో డ్రైవరుగా చేరాను. సార్ పేరు సత్యప్రసాద్, విజయవాడ ఆయన, కట్టుబడి కంపెనీలో మేనేజరు. కరోనా ఏడాది పక్క విల్లా తెల్లవాళ్లు దేశం వెళ్లిపోతూ దూడంత జర్మన్ షెపర్డ్‌ని ఆయనకి అంటగట్టారు. మొక్కై వంగనిది మానై వంగునా అని నేను అప్పుడే అన్నాను. డ్రైవరు మాట ఎవరికి కావాలి? కుక్క సారుది, దాని గొప్ప సారుది, తిప్పే పని షాహీదాది.

ఆమె కుక్కని తిప్పే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. తాడు పిడికిలికి చుట్టుకుని, చెయ్యి బారుగా చాపి, కుక్క తన ఒంటికి ఆనకుండా దూరంగా నెట్టి పట్టుకునేది. దాని మెడ మీద ఎప్పుడూ లాగుడే. అది ముందుకి లాగేది, ఈమె వెనక్కి లాగేది. ఇద్దరికీ రొప్పు.

"ఏందక్కా, పామును పట్టినట్టు పట్టినవ్? భయమా?" అన్నాను ఒకరోజు.

"భయమెందుకు తమ్ముడా? దీని సొంగ గుడ్డలకు తగిలితే నమాజు ఎట్ల చదవల్ల? పూటకొకపారి గుడ్డలు మార్చేకి నేనేమన్నా షేఖు పెండ్లామా?"

అదీ సంగతి. పాపం నమాజు కోసం చెయ్యి చాపింది, చాపిన చెయ్యి వల్ల తాడు బిగిసింది, బిగిసిన తాడు వల్ల కుక్క పిచ్చెక్కినట్టు లాగింది. ఈ లెక్క అప్పుడు నాకూ తెలియదు, ఆమెకీ తెలియదు.

పన్ను విరిగిన కొన్నాళ్లకి అసలు గొడవ జరిగింది. డెలివరీ బండి మీద ఒక పాకిస్తానీ అతను దగ్గరగా వెళ్లాడు. సీజర్ మీదికి దూకింది. బండి పడింది, మనిషి పడ్డాడు, మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయింది. తాడు మెలిపడి షాహీదా కుడిచేతి వేలు కీలు తప్పింది. ఆ అరుపులకి కాంపౌండు మేనేజరు ఖాదర్ హుస్సేన్ వచ్చాడు. హైదరాబాదీ, మాట మెత్తన, పని గట్టి. మా సార్ కూడా ఇంట్లోంచి బయటికి వచ్చాడు.

"దేఖో సత్యప్రసాద్ సాబ్, ఒక నెల టైం ఇస్తున్న. తర్వాత నా కండ్ల ముంగట మీరే దీన్ని పట్టుకొని కాంపౌండు ఒక చక్కర్ తిప్పాలె. మీ పేరు మీదున్న కుక్క, మీ చేతిల ఉండాలె. మల్ల ఎవరి మీదికన్న పోయిందా, ఎవర్నన్న కరిచిందా, ఖలాస్. ఇక్కడ ఉండదు."

"మీకెందుకండీ ఆ శ్రమ? ఇంకొక్కసారి గొడవ చేసిందంటే నేనే సూది వేయించి చంపించేస్తాను," అన్నాడు సార్.

ఆ సాయంత్రం ఆయన పెరట్లో మొక్కలకి నీళ్లు పట్టే పైపు ముక్క తీసుకున్నాడు. ఆఫీసులో పెద్ద ముదీర్ చేత, అంటే పై మేనేజరు చేత, ఆ రోజు తిట్లు తిన్నాడని నాకు తెలుసు, దారంతా కార్లో పళ్లు నూరుతూనే ఉన్నాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపాడు. సీజర్‌ని కొక్కేనికి కట్టి నడుం మీద, మూతి మీద, చెవుల మీద కొట్టాడు. అది మొదట గుర్రుమంది, తర్వాత ఏడ్చింది, తర్వాత నిలబడ్డచోటే తడిపేసుకుంది. సార్ భార్య, మా మేడం, కిటికీ తెర లాగేసింది. నేను చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు కుక్క పొట్ట నేలకి రాసుకుంటూ తాడు అందినంత మేర షాహీదా వైపు పాకి, ఆమె కాళ్ల మీద మూతి పెట్టింది. చెప్పుతో కొట్టినదాని కాళ్ల మీదే పెట్టింది. షాహీదా కాళ్లు వెనక్కి తీసుకోలేదు. వంగి కుక్క మీద చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాతి దెబ్బ ఆమె భుజం మీద పడింది.

"సాలు సార్. ఇంగ కొట్టొద్దు."

"నువ్వు లేచి పక్కకెళ్లు."

"లెయ్యను. నన్ను గూడా కొట్టండి. నాకు అలవాటే."

సార్ పైపు విసిరికొట్టి లోపలికి వెళ్లాడు. షాహీదా చాలాసేపు లేవలేదు. "దీన్ని సావనియ్యను తమ్ముడా," అంది. 

మర్నాడు పొద్దున వేలు వాచి బూరెలా ఉంది. పిడికిలి బిగించడానికి లేదు. తాడు ఎడమచేతిలోకి మార్చింది, వెనక్కి గుంజే బలం లేదు. కుక్క లాగింది. ఆమె దీపస్తంభానికి వీపు ఆనించి, దాన్ని బండబూతులు తిడుతూ నిలబడిపోయింది. కుక్క లాగి లాగి, దగ్గి, ఎంతకీ ముందుకి కదలక, వెనక్కి తిరిగి చూసింది. తాడు వదులైంది. వదులవగానే ఆమె ఒక అడుగు వేసింది. కుక్క మళ్లీ లాగింది. ఆమె మళ్లీ ఆగింది.

"అది లాగితే నిలబడతా. లాగకుంటే నడుస్తా. దానికి ఏం కావల్లో అదే తేల్చుకోనీ," అంది నాతో.

ఆ పూట సందు మలుపు దాకా కూడా పోలేకపోయారు. మర్నాటి నుంచి ఆమె రొట్టె ముక్కలు తెచ్చింది. తాడు వేలాడుతూ ఉన్నంతసేపూ మోకాలి పక్కన ముక్క దొరుకుతుంది, లాగితే నడకా లేదు, ముక్కా లేదు. మోకాలి పక్కన ముక్క అంటే మోకాలి నిండా సొంగే. అందుకని పాత చుడీదారు ఒకటి కుక్క జతగా పెట్టుకుంది. తిప్పి రాగానే అది విప్పి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, వేరే జత కట్టుకుని నమాజుకి నిలబడేది. రోజూ ఆ జత ఉతికేది. "ఏడుసార్లు ఉతకమన్నా ఉతుకుతా. అల్లాకు నా బతుకు తెల్దా?" అనేది. తిట్లు మానలేదు గానీ చెప్పు మళ్లీ తియ్యలేదు.

నెల తిరిగేసరికి సీజర్ ఆమె ఎడమ మోకాలిని అంటిపెట్టుకుని నడిచేది. ఎదురుగా పిల్లి వస్తే ముందు పిల్లిని చూసి, తర్వాత షాహీదా మొహం చూసేది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, నేనుండే ఇంటర్నేషనల్ సిటీలో నా రూమువాళ్లందరికీ దాని వీడియో చూపించాను.

ఒక్కటే బాకీ. "మీరూ ఒకపారి పట్టుకోండి సార్, దానికి మీ చెయ్యి తెలియల్ల గదా," అని షాహీదా ఎన్నిసార్లో అడిగింది.

"కుక్కని పట్టుకోవడం కూడా నీ దగ్గర నేర్చుకోవాలా?" అన్నాడు ఆయన.

ఖాదర్ హుస్సేన్ తను చెప్పిన రోజుకి వచ్చాడు. సాయంత్రం ఎండ వాలింది. షాహీదా తాడు తెచ్చి సార్‌కి ఇచ్చింది. ఆయన పిడికిలికి చుట్టలు చుట్టాడు.

"చుట్టుకోవాకండి సార్. వదులుగా పట్టుకోండి."

"నోరు ముయ్యి."

ఖాదర్ హుస్సేన్ మలుపు దగ్గర నిలబడ్డాడు. సార్ బయల్దేరాడు. షాహీదా, నేను వెనకాల. సీజర్ మొదట బాగానే నడిచింది. వీధిలో దూరంగా ఆపిన మా కారు పక్కకి వచ్చేసరికి డెలివరీ బండి ఒకటి ఎదురొచ్చింది. కుక్క దూకలేదు. తల తిప్పి షాహీదా కోసం చూసింది, అంతే. సార్‌కి అది దూకబోతున్నట్టే కనిపించింది కాబోలు, రెండు చేతులతో తాడు గుంజి పక్కటెముకల్లో బూటుతో తన్నాడు. మెడ బిగిసి కుక్క ముందుకాళ్లు గాల్లోకి లేచాయి. ఇంకో తన్ను. దాని పళ్లు బయటికి వచ్చాయి. అది సార్ తొడ మీదికి తిరిగింది.

షాహీదా మధ్యలోకి దూరి ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. కోరలు ముంజేతిలోకి దిగాయి. చర్మం చిరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె అరవలేదు. "సీజా," అంది మెల్లగా. కుక్క నోరు తెరిచి వదిలేసింది.  రక్తం ఇటుకల మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

కారు అడ్డంగా ఉండి ఏమీ కనపడని ఖాదర్ హుస్సేన్ అవతల నుంచి పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి ఆమె చెయ్యి చున్నీలో చుట్టేసింది.

"క్యా హువా? కరిచిందా?"

"లేదు సాబ్. గేటు సందులో చెయ్యి నలిగింది."

గేటు అక్కడికి చాలా దూరం. ఖాదర్ హుస్సేన్ గేటు వైపు చూశాడు, చున్నీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గేటే సార్," అన్నాను నేను. మా సార్ మొహం సున్నంలా ఉంది.

"అయితే చక్కర్ కానియ్యి," అన్నాడు ఖాదర్ హుస్సేన్ షాహీదాతో. "నువ్వే పట్టుకో."

సీజర్ ఎప్పుడూ నడిచేది ఆమె ఎడమ పక్కన. ఆమె సార్ పిడికిలి నుంచి తాడు విప్పి ఆ గాయం చేతికే తగిలించుకుంది. బయల్దేరింది. కాంపౌండు చుట్టూ తిరిగింది. చున్నీ ఎర్రబడింది, తాడు మీదుగా రక్తం కారింది. తాడు మాత్రం ఎక్కడా బిగియలేదు. ఒక్కసారి గుంజుకున్నా ఆ చెయ్యి ఏమయ్యేదో దేవుడికే తెలియాలి. చుట్టు పూర్తయ్యాక ఖాదర్ హుస్సేన్ గట్టిగా ఊపిరి వదిలాడు. "ఖలాస్. ఉండనీ. ముందు ఆమెను డాక్టరు కాడికి తీస్కపోండి," అని వెళ్లిపోయాడు.

మా గేటు దగ్గర సార్ తాడు కోసం చెయ్యి చాపాడు. షాహీదా ఇవ్వలేదు.

"ఇంగ దీన్ని మీరు పట్టుకోవాకండి సార్. పట్టుకుంటిరా, మిమ్మల్ని కరుస్తాది. ఈపారి నేను చెయ్యి అడ్డం పెట్టను."

సార్ చాపిన చెయ్యి దించి, గేటు తెరిచి పక్కకి జరిగాడు.