ఎర్రచీటీ కట్టిన జీపు

నా తోడల్లుడు బంధువుల ఇళ్లలో చెప్పే కథ ఒకటుంది. అందులో నేను ఒక ఇనుప ముక్క కోసం బంధుత్వం తెంచుకున్న మనిషిని. విన్నవారు నవ్వుతారని నాకు తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు, వరుస తప్పకుండా రాస్తున్నాను.

తొంభైల మొదట్లో ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ కాగానే, సైన్యం వేలంలో అమ్మేసిన పాత జీపొకటి కొన్నాను. కారణం నా భార్య. కవర్ధా వైపు బస్సులో వెళ్లినప్పుడల్లా, తారురోడ్డు నుంచి విడిపోయి అడవిలోకి పోయే మట్టిదారులను ఆమె మెడ తిప్పి మరీ చూసేది. "ఏవండీ, అదెక్కడికి పోతుందో!" అనేది. నా సర్వీసంతా షిఫ్టులతో గడిచింది కనుక ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. మా ఇద్దరి మోకాళ్లూ పనిచేస్తుండగానే ఆమెను ఆ దారిన తీసుకువెళ్లాలన్నదే నా సంకల్పం.

క్వార్టరులో చోటు లేక జీపును ఖుర్సీపార్‌లో నా తోడల్లుడి ఇంటి షెడ్డులో ఉంచాను. అతడు మా మరదలి భర్త. విజయనగరం నుంచి ఇద్దరం ఒకే రైలులో వచ్చి ఒకే విభాగంలో చేరాం. ఊరు కాని ఊళ్లో నేను నోరారా తమ్ముడని పిలిచింది అతన్నొక్కడినే.

పని ఇద్దరం కలిసే చేశాం. అరిగిన పెట్రోలు ఇంజను దించి డీజిలుది ఎక్కించాం. కమానుపట్టీలు మార్చి బండిని ఎత్తు చేశాం. వాగునీరు మింగకుండా గాలి పీల్చే గొట్టాన్ని అద్దం పక్కనుంచి పైకి లేపాం. ఎక్కడైనా దిగబడితే లాగడానికి బండికి ముందూ వెనకా కొక్కేలు బిగించాం. అన్నిటికన్నా ముఖ్యం ముందు చక్రాలు. వాటికి శక్తి అందించే షాఫ్టును విప్పి, కీళ్లు మార్చి, మళ్లీ నా చేతులతో బిగించాను. రైలు పట్టాల అవతలి గుట్ట మీదికి నాలుగు చక్రాలతో ఎక్కించినప్పుడు నా తోడల్లుడు చప్పట్లు కొట్టాడు. ప్రతి పనినీ నా కళ్లతో చూసిన తర్వాతే పుస్తకంలో రాసుకునేవాణ్ణి. సర్వీసు నేర్పిన అలవాటది.

సర్వీసు నేర్పిన మరొక అలవాటు ఎర్రచీటీ. యంత్రం లోపలికి దిగే మనిషి స్విచ్చు దగ్గర తన పేరుతో ఎర్రచీటీ కడతాడు. కట్టినవాడే విప్పాలి. అధికారి వచ్చినా, ఉత్పత్తి ఆగినా, మరొకరు ముట్టరు. ఆ చీటీకి అవతల ఒక ప్రాణం ఉంటుంది. ఒకసారి నా తోడల్లుడు కన్వేయరు కింద ఉండగా, పైవాళ్లు బెల్టు నడపమని నా మీద కేకలు వేశారు. అతడు బయటికి వచ్చి స్వయంగా విప్పేవరకు ఆ చీటీ ముందు నుంచి నేను కదలలేదు. ఈ సంగతి అతడే పదిమందిలో గర్వంగా చెప్పుకునేవాడు.

మా పెదనాన్నగారి కర్మలకు విజయనగరం వెళ్లవలసి వచ్చినప్పుడు, నేను జీపు స్టీరింగుకు అలాంటి చీటీయే కట్టాను. "నేను వచ్చేవరకు ముట్టవద్దు" అని రాశాను. తిరిగి వచ్చి చూస్తే చీటీ కట్టినట్టే ఉంది. కింద పడుకుని చూడవలసిన అవసరం నాకు కనిపించలేదు. చీటీ ఉన్నప్పుడు మళ్లీ చూడటమంటే కాపలా ఉన్న మనిషిని అనుమానించడమే. పుస్తకంలో "బండి సిద్ధం" అని రాసుకుని, మరునాడు నా భార్యను ఎక్కించుకుని బయలుదేరాను.

తారురోడ్డు దిగి మట్టిదారి పట్టగానే ఆమె చిన్నపిల్లలా ముందుకు వంగి కూర్చుంది. కొంత దూరం పోయాక అడ్డంగా వాగు. నీళ్లు తక్కువే, ఇసుక ఎక్కువ. ముందు చక్రాలకు శక్తినిచ్చే లివరు వేశాను. అది చక్కగా పడింది. నడిమధ్యలో బండి ఆగింది. వెనుక చక్రాలు ఇసుకను తవ్వుకుంటూ దిగిపోతున్నాయి. ముందు చక్రాలు కదలనేలేదు. నీళ్లలోకి దిగి, బండి కిందికి చేయి పోనిచ్చి తడిమాను. షాఫ్టు ఉండవలసిన చోట ఏమీ లేదు. చేయి అటూ ఇటూ ఆడింది, అంతే.

పక్క పొలంలోని రైతు దున్నపోతులను తోలుకొచ్చి, మేం బిగించిన కొక్కేలకే తాడు కట్టి వెనక్కి లాగాడు. "గాడీ బనే హే బబా, ఫేర్ భైంసా జాదా బనే హే" అన్నాడు. బండి బాగుంది తాతా, దున్నపోతు ఇంకా బాగుందన్నమాట. నా భార్య నవ్వింది. అవతలి గట్టు ఎక్కి అడవిలోకి పోతున్న దారిని చూశాక ఆమె నవ్వు ఆగిపోయింది.

తిన్నగా ఖుర్సీపార్ వెళ్లాం. నా తోడల్లుడు వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"బండి కింద ముందు షాఫ్టు ఏదీ?" అన్నాను.

"కూకో అన్నియ్యా. ముందు టీ తాగు."

"ఏదీ?"

"కుమ్హారిలో కాంట్రాక్టరు జీపుకి ఏయించినాను. ఆడిది ఇరిగిపోనాది. మా కుర్రోడికి సూపర్‌వైజరు పని ఇస్తానన్నాడు, ఇచ్చినాడు కూడాను. నీ బండి ఎలాగూ షెడ్డులో నిద్దరోతంది కదా."

"నన్ను ఒక్క మాట అడగవలసింది."

"నిన్నడగాలంటే దరకాస్తు ఎట్టాల, మూడు కాపీలు తియ్యాల! ఇనప ముక్కకి ఏటీ రాద్ధాంతం?"

"మరిదిగారూ, మేం ఆ వాగులోనే ఉండిపోయి ఉంటే?" అంది నా భార్య.

"ఉండిపోనేదు కదొదినా, ఎదురుగానే ఉన్నావు."

"మరి చీటీ?" అన్నాను.

అప్పుడు మాత్రం అతడు నా ముఖంలోకి చూడలేదు. "ఇప్పినాను. పనయ్యాక మళ్లీ కట్టేసినాను. లేకపోతే నువ్వు బెంగెట్టుకుంటావని. ప్లాంటు అయిపోనాది అన్నియ్యా, రిటైరైపోనాం."

షాఫ్టు తీసుకున్నందుకు నాకు కోపం లేదు. అతని కొడుకు నా ఒళ్లో పెరిగినవాడు. అడిగి ఉంటే నేనే విప్పి, కుమ్హారి వెళ్లి, నా చేతులతో బిగించి వచ్చేవాణ్ణి. చీటీని చించి పారేసినా క్షమించేవాణ్ణి. చీటీ లేకపోతే ఒక్క చూపులో నాకు తెలిసిపోయేది. కానీ అతడు దాన్ని మళ్లీ కట్టాడు. ఏ మాట మీద అతని ప్రాణాన్ని నేను కాపాడానో, అదే మాటను అడ్డం పెట్టి నన్నూ నా భార్యనూ వాగులోకి పంపాడు. పైగా నా చేతనే నా పుస్తకంలో అబద్ధం రాయించాడు.

షాఫ్టు తిరిగి వచ్చింది. దాన్ని ఒక్కణ్ణే బిగించాను. జీపును క్వార్టరు ముందు వీధిలోకి తెచ్చుకున్నాను. మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆ చలికాలం వాగు దాటాం. అవతల దారి ఒక గుట్ట చుట్టూ తిరిగి, చిన్న మైదానంలో మాసిపోయింది. నా భార్య దిగి ఆ గడ్డిలో చాలాసేపు నిలబడింది. వెనక్కి వచ్చేటప్పుడు వాగు నడుమకు రాగానే ముందు చక్రాల వైపు తొంగి చూసింది. నేనూ కింద నుంచి వచ్చే శబ్దాలు వింటూ నడిపాను.

తర్వాత నేను దేనికీ చీటీ కట్టలేదు. బండి తీసే ముందు నా భార్య ఒక గోనెపట్టా తెచ్చి పరుస్తుంది. నేను మోకాళ్లు పట్టుకుని దాని మీద పడుకుని, అటు చివర నుంచి ఇటు చివర దాకా చూస్తాను. సుపేలా బజారుకు కూరగాయలకు వెళ్లేటప్పుడు కూడా అంతే.