మస్కట్‌లో పోయిన కెమెరా

మస్కట్‌లో నా కెమెరా పోయినప్పుడు నేను ఒక మనిషిని దొంగ అన్నాను. అతను దొంగ కాదని తెలిసేసరికి నాలుగేళ్లు దాటింది.

ఆ కెమెరా నేను కొన్నది కాదు. ఉప్పల్ డిపో వెనకాల ఒక ఫోటో స్టూడియోలో తొమ్మిదేళ్లు పని చేశాను. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక, పాస్‌పోర్టు ఫోటోలకు తప్ప మా మెట్లెక్కేవాళ్లు లేకుండా పోయారు. స్టూడియో ఎత్తేసిన రోజు మా సేటు కెమెరా తెచ్చి నా మెడలో వేశాడు. నీ చేతికి అలవాటు పడ్డది, ఇంకొకళ్ల దగ్గర పని చెయ్యదు అన్నాడు. నాచారంలో మా చర్చిలో బాప్తిస్మాలు, ఫ్యాక్టరీల్లో రిటైరయ్యేవాళ్లకు శాలువాలు కప్పడాలు, అన్నీ దానితోనే తీశాను. బటన్ మీది నల్లరంగు నా వేలికే అరిగిపోయింది.

కానీ ఆ పనితో ఇల్లు గడవలేదు. అక్క భర్త, మా బావ, మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో ఫోర్‌మన్. స్టోర్‌లో హెల్పర్ పనికి నాకు వీసా ఇప్పించాడు. కెమెరా ఇంట్లో పెట్టి రమ్మని బావ ఫోన్లో చెప్పినా వినకుండా, బట్టల మధ్య చుట్టి తీసుకెళ్లాను.

కంపెనీ లేబర్ క్యాంపులో మా రూములో ఆరుగురం. అందరికంటే పెద్దవాడు జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రీ. ఆయన్ని అన్న అనేవాళ్లం. పని నుంచి వచ్చాక మా అందరికీ ఆయనే వండేవాడు. శుక్రవారాలు నేను రూములోవాళ్లను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి, చొక్కా గుండీలు సరిచేసి, ముఖం మీద వెలుగు పడేలా నిలబెట్టి ఫోటోలు తీసేవాడిని. అవి వాళ్ల ఇళ్లకు వెళ్లేవి. వారమంతా పైపులు మోసే నన్ను ఆ ఒక్కరోజు అందరూ ఫోటోగ్రాఫర్ అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు కోసమే కాబోలు, కొన్నిసార్లు సైటు మీదకు కూడా కెమెరా పట్టుకుపోయాను. అక్కడ ఫోటోలు తీయకూడదని బోర్డు ఉంది. చూశాను, లెక్క చెయ్యలేదు.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం కింది పెట్టెలో కెమెరా లేదు. ఆ రోజు జ్వరమొచ్చి అన్న ఒక్కడే రూములో ఉండిపోయాడు. ఎవరొచ్చారని అడిగితే, మందు వేసుకుని పడుకున్నాను, తెలియదన్నాడు. ఆ మాట నాకు అబద్ధంలా వినిపించింది. అందరి ముందూ ఆయన సూట్‌కేసు తెరిచి మంచం మీద బోర్లించాను. బట్టలు, మందుబిళ్లలు, కూతురి కోసం కొని కవరు కూడా విప్పని గౌను. కెమెరా లేదు. అయినా నేను ఆగలేదు. ఎవరికి అమ్మావని అడిగాను. గొడవ విని వచ్చిన బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

అన్న గొంతు పెంచలేదు. "దిండు గూడ సూడు తమ్మీ" అన్నాడు.

నేను దిండు కూడా దులిపాను.

ఆ రోజు నుంచి ఆయన మాకు వండలేదు. వారం తిరక్కుండా అడిగి మరీ వేరే క్యాంపుకు మారిపోయాడు. తప్పు చేశాడు గనకే పోయాడని రూమంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

రెండేళ్ల తర్వాత తిరిగొచ్చి, నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరాను. ఈమధ్య బావ సెలవు మీద వచ్చాడు. ఆదివారం చర్చి అయ్యాక అక్క నన్ను ఉప్పల్‌లో వాళ్లింటికి భోజనానికి పిలిచింది. ఇంకా ఫోటోలు తీస్తున్నావా అని బావ తింటూ అడిగాడు. కెమెరా పోయాక మళ్లీ కొనలేదన్నాను. అప్పుడు నవ్వుతూ చెప్పాడు.

"అది నేనే ఆఫీసుల ఇచ్చిన. సైటు ఫోటోలు తీస్తున్నవని మేనేజర్‌కు ఎవలో జెప్పిన్రు. నిన్ను ఇంటికి పంపుతమన్నరు. కెమెరా దెచ్చిస్త, పిలగాన్ని వదిలెయ్యున్రి అని బతిమాలిన. రూముల గాయిన పండుకోని ఉంటే సప్పుడు గాకుంట తీస్కపోయిన."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "మరి నేను అన్న పెట్టె బోర్లేసినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవు గద బావా?"

"ఉన్న. జెప్తే నువ్వు ఆఫీసు మీదికి వోయి లొల్లి జేస్తుంటివి. నీ నౌకరి నిలబడాల్నని ఊకున్న. గాయినకేమైంది, వేరే రూముకు వోయిండు, గంతే గద."

అక్క కూర వడ్డిస్తూ, నీ మంచికే చేశాడు, పాతవన్నీ తవ్వకు అంది. నేను బావను తిట్టలేకపోయాను. నా ఉద్యోగం నిలబెట్టింది ఆయనే. ఆ సూట్‌కేసు మీద చెయ్యి వేసింది నేను. దాన్ని తెరవమని నాకెవరూ చెప్పలేదు.

మస్కట్ రూములో మాతో ఉన్న ఒకతన్ని పట్టుకుని అన్న నంబరు సంపాదించడానికి మూడు వారాలు పట్టింది. షిఫ్టు అయ్యాక ఫ్యాక్టరీ గేటు బయట, బస్సుల చప్పుడులో నిలబడి ఫోన్ చేశాను. నేనెవరో, జరిగిందేమిటో అంతా చెప్పాను. తప్పయిందన్నాను. చివరిదాకా విన్నాడు.

"నేను దియ్యలేదని నాకు ఎరుకే గద. నాకెందుకు జెప్తున్నవ్? గా రూములోళ్లకు జెప్పు" అని పెట్టేశాడు.

చెబుదామనే చూశాను. నలుగురిలో ఇద్దరే దొరికారు. నంబరు ఇచ్చినతనికి కెమెరా సంగతే సరిగ్గా గుర్తు లేదు. రెండో అతను అంతా విని, ఏమోనే, ఆయన మీద నాకు మొదటి నుంచీ అనుమానమే అన్నాడు. కాదని రెండుసార్లు చెప్పాను. సరే సరే అని వేరే ముచ్చట ఎత్తుకున్నాడు. మిగతా ఇద్దరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. వాళ్ల మనసులో ఆయన ఇవాళ్టికీ దొంగే.

బావ తిరిగి వెళ్లేరోజు ఎయిర్‌పోర్టుకు రమ్మని అక్క ఫోన్ చేసింది. డ్యూటీ ఉందన్నాను. ఆ రోజు నాకు డ్యూటీ లేదు.