మా మేస్త్రి రాయి మీద ఒక్క మాట

మా ఆయన తాపీ మేస్త్రి. నేను ఆయన దగ్గరే సిమెంటు మాలు మోసేదాన్ని. గోడ లేచాక దాని మీద రసమట్టం పెట్టి, ఒంటికన్నుతో చూసేవాడు. గాజుగొట్టంలో బుడగ నడిమధ్యకు వచ్చి నిలిస్తే "గ్రేడ్లీ" అనేవాడు. నిలవకపోతే ఏమీ అనకుండా ఇటుకలు పీకేవాడు. పెళ్లయిన కొత్తలో నా చేపల పులుసుకు కూడా ఆ మాటే అన్నాడు. తిట్టాడనుకుని నేను రెండు పూటలు మాట్లాడలేదు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న రేపల్లె మేస్త్రులందరికీ అదే మాట. ఎక్కడిదని అడిగితే, "మా నాన్న బాపట్లలో ఆసుపత్రి గోడలు కట్టినప్పుడు తెచ్చుకున్నాడు" అనేవాడు. అక్కడి ఇంగ్లండు దొరసానమ్మ గోడ బాగుంటే అలా అనేదట. అంతకు మించి ఆయనకూ తెలియదు.

మంచాన పడ్డాక నన్ను ఒకటే అడిగాడు. "నా సమాధి రాయి మీద ఆ మాట వేయించవే." సరేనన్నాను.

మా క్రైస్తవుల్లో మనిషి పోయిన ఏడాదికి జరిగే జ్ఞాపకార్థ కూడిక రోజున సమాధికి రాయి నిలబెడతారు. దాని మీద ఏం రాయించాలన్నా సంఘ కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ పెద్ద రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. మంచి మనిషే. ఇంట్లో ఉన్న నిఘంటువు తిరగేసి వచ్చి తల అడ్డంగా ఊపారు.

"చెల్లెమ్మా, ఈ మాట ఎక్కడా లేదు. అర్థం తెలియని మాట సమాధి మీద ఎలా పెట్టమంటావు? తీరా అది ఏ బూతో అయితే?"

పక్కనున్న కోశాధికారి నవ్వాడు. "సిమెంటు కంపెనీ పేరేమో చూసుకో అక్కా. రేపు వాళ్లొచ్చి సమాధుల తోట ప్రహరీకి కూడా తమ పేరుతో రంగులేస్తామంటారు."

"వేస్తే వేయనియ్యి తమ్ముడూ. నువ్వు దానికి సున్నం కొట్టించి ఎన్నేళ్లయింది?"

మాస్టారు నవ్వాపుకున్నారు. అర్థం తెలిస్తే తానే ఒప్పిస్తానన్నారు. "అయితే బాపట్ల వెళ్దాం పదండి మాస్టారూ. నాకు ఇంగ్లీషు రాదు, మీకు గోడలు తెలియవు. ఇద్దరం కలిస్తే సరిపోతుంది" అన్నాను. మరుసటి శనివారం ఇద్దరం బస్సెక్కాం.

ఆ ఆసుపత్రిలో అడిగితే, వెనకాల సందులో దొరసానమ్మ దగ్గర పని నేర్చుకున్న నర్సమ్మ ఇల్లు చూపించారు. బాగా పెద్దావిడ. నేను మాట చెప్పగానే చేతిలో చిక్కుడుకాయలు చాటలో పడేసింది.

"ఇంకా ఎవరన్నా అంటున్నారా ఆ మాట?"

"మా మేస్త్రులందరూ అంటారండి. అర్థమే ఎవరికీ తెలియదు."

"నేను కట్టు కడితే ఆవిడ చుట్టూ తిరిగి చూసేది. సరిగ్గా ఉంటే గ్రేడ్లీ. జ్వరం దిగిన పిల్లాడు లేచి కూచుంటే వాడూ గ్రేడ్లీయే. పక్క దుప్పటి ముడతపడితే మాత్రం ఆ మాట వచ్చేది కాదమ్మాయ్."

"ఏ ఊరి మాటండి అది?" అన్నారు మాస్టారు.

"లాంకషైర్ అని చెప్పిందండి. నూలు మిల్లులు, ఎప్పుడూ వాన. లండన్ వాళ్లకి కూడా తెలీదంట. వాళ్ల అమ్మమ్మ అనేదంట."

తిరుగు బస్సులో మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని ఫోన్‌లో వెతికారు. ఊరి పేరు తెలిసింది కదా. చెరుకుపల్లి దాటాక నా భుజం తట్టారు.

"దొరికింది చెల్లెమ్మా. ఆ సీమ యాస మాటలన్నీ కూర్చిన పుస్తకంలో ఉంది. చక్కనిది, నమ్మదగినది, ఒంట్లో బాగున్నది అని అర్థాలు. అసలు మొదట్లో సిద్ధమైనది, అమరినది అని అర్థమట. ఎప్పుడో ఉత్తరం నుంచి సముద్రం దాటి ఓడల్లో వచ్చినవాళ్లు తెచ్చారట." ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "ఓడలవాళ్ల దగ్గర్నుంచి మిల్లులవాళ్లకి, అక్కడ్నుంచి మీ మావగారికి. ఎంత దూరం వచ్చిందమ్మా నీ మాట."

"ఇంత దూరం వచ్చినదాన్ని సమాధుల తోట గేటు దగ్గర ఆపుతారా మాస్టారూ?"

ఆయన ఆపలేదు. కమిటీలో లేచి నిలబడి ఆ అర్థాలన్నీ చదివి ఒప్పించారు.

తెనాలిలో రాయి చెక్కించాను. సగం చెక్కిన నాయకుల విగ్రహాల మధ్య కూర్చుని, అక్షరాలు ఇంగ్లీషువా తెలుగువా అని అడిగాడు శిల్పి. తెలుగే అన్నాను. మా మేస్త్రులు చదువుకోవాలి. నాకు అక్షరం అక్షరం కూడబలుక్కుంటే తప్ప చదవడం రాదు. అక్షరాల గాడిలో వేలు పెట్టి చదివాను. అదే మాట.

కూడిక రోజున మేస్త్రులందరూ వచ్చారు. రాయి నిలబెట్టి, మా ఆయన రసమట్టమే తీసి దాని మీద పెట్టారు. బుడగ పక్కకు పోయింది. పాస్టరుగారు బైబిలు తెరిచి నిలబడి ఉన్నా, ఎవరూ తొందరపడలేదు. కింద ఇటుక ముక్క దోపారు, మళ్లీ చూశారు, ఇంకొంచెం దోపారు. తర్వాత అందరూ నా వైపు చూశారు. ఆ మాట ముందుగా పెద్దమేస్త్రే అనాలి. మా మేస్త్రి లేడు.

వంగి ఒంటికన్నుతో చూశాను. బుడగ నడిమధ్యన నిలబడి ఉంది.

"గ్రేడ్లీ" అన్నాను, ప్రహరీ అవతలకు వినపడేలా. మేస్త్రులందరూ ఒక్క గొంతుతో అన్నారు. మాస్టారు కూడా అన్నారు. ఆ తర్వాతే ప్రార్థన మొదలైంది.

అందరూ టీ తాగుతుంటే కోశాధికారి నా పక్కకు వచ్చాడు. "అక్కా, నా రాయి మీద కూడా ఆ మాట వేయిస్తారా?"

"ముందు ప్రహరీకి సున్నం కొట్టించు తమ్ముడూ," అన్నాను. "అప్పుడు చూద్దాం."