కొసరు బిడ్డ

సూరత్‌లో నన్ను మించిన బేరగాడు లేడు. విడిగా ఉంటున్న భార్యకు ఐదుగురు పిల్లల ఖర్చు నెలనెలా కట్టాలని కులపెద్దలు తేల్చినప్పుడు, తలకు పదిహేను వందల చొప్పున నలుగురికే ఒప్పించాను.

"నాలుగు తీసుకుంటే ఒకటి కొసరు, పెద్దయ్యా! మా నాయిన దుకాణంల గిదే రివాజు," అన్నాను. అందరూ నవ్వారు, నా భార్య తప్ప.

ఏడాదికి లాక్‌డౌన్‌ వచ్చి నేను పనిచేసే మగ్గాలు ఆగాయి. అవి మళ్లీ నడిచాక, బియ్యం మూటతో బమ్రోలి పేటలో వాళ్ల గదికి వెళ్లాను. బళ్లు మూసి ఉండటంతో పెద్ద పిల్లలు నలుగురూ నాలుగు నెలలుగా ఒక్క ఫోన్‌లో వంతులవారీగా పాఠాలు వింటున్నారు. ఎనిమిదేళ్ల చిన్నది గుమ్మంలో కూర్చుంది.

"నీకు క్లాసు లేదా బిడ్డా?"

"ఉంది. గని నా పైసలు రావు కద. నేను కొసరు. బ్యాటరీ మిగిల్తే ఇస్తరు."

మూట కింద పెట్టాను. "గామాట ఎవలన్నరే?"

"నువ్వే నాయినా. గప్పుడు అమ్మ పక్కనే ఉన్న."

లోపలి నుంచి నా భార్య, "బేరం మంచిగనే కుదిరింది గదా!" అంది.

ఆ బేరం కుదిరి అప్పటికి పద్దెనిమిది నెలలు. మిగుల్చుకున్నానని మురిసిన ఇరవై ఏడు వేలూ చిన్నదానికి బాకీ. అది వినని నాలుగు నెలల పాఠాలకు ఎంత కట్టాలో, దుకాణంలో పెరిగిన నాకే తెలియలేదు.