ముందు మీది కానీండి

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటేడు సంగతి. అరబ్బు దేశంలో, తబూక్ గోధుమ పొలాల్లో పనిచేసే మునిస్వామికి ఒకటే దిగులు, పీలేరు దగ్గర ఉన్న కొడుకు జుట్టు. మేనమామ ఒళ్లో కాదు, తండ్రి ఒళ్లోనే కూర్చోబెట్టి కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయిస్తానని పెళ్లాం మొక్కుకుంది. ఈలోగా యుద్ధమొచ్చి సెలవులు ఆగిపోయాయి. పిల్లాడి జుట్టు మాత్రం ఆగుతుందా? రెండు జడలు వేసి రిబ్బన్లు కడుతున్నారట. వీధిలో "పాపా" అని పిలిస్తే పలుకుతున్నాడట! కన్నతండ్రికి కడుపు రగలదూ?

వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ అబూ ఫహద్ మంచివాడే. "కోసిన పొలంలో కొయ్యకాళ్లు కాల్చెయ్, ఆ రోజే నువ్వు ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ కొట్టించి పాస్‌పోర్టు చేతికిస్తా" అన్నాడు. అయితే నిరుడు ఎవరికి వారు కాల్చుకుంటే మంట పక్క పొలాల మీద పడింది. అందుకని ఈసారి ముగ్గురు ఆసాములు కలిశారు. మంట దాటకుండా అబూ ఫహద్ పొలాల చుట్టూ దుక్కి దున్నించాడు, దావూద్ నీళ్ల ట్యాంకర్ పంపాడు, ఇంకో ముసలాయన మనుషుల్ని తెచ్చాడు. దగ్గర్లోనే విమానాల స్థావరం ఉంది కాబట్టి పొగకు అనుమతి ఒక్క పూటకే ఇచ్చారు.

ఆ పొద్దున గాలి పడి ఉంది. మునిస్వామి కాగడా వెలిగించి నిలబడ్డాడు.

"దావూద్, ముందు నీ పొలం" అన్నాడు అబూ ఫహద్ మర్యాదగా.

"వల్లాహీ, ముందు నీదే!" అని ఒట్టేశాడు దావూద్. ముసలాయన తక్కువ తిన్నాడా, తనది చివరే కావాలని ఆయనా ఒట్టేశాడు. అబూ ఫహద్ ఊరుకుంటాడా, అతనూ వేశాడు. తివాచీ పరిచారు. కావా కాఫీ పోశారు. ఎండ ఎక్కుతోంది.

"ముగ్గురూ దేవుని మీద ఒట్టేసినారు రా. ఇంగ అందరిదీ చివరే, ముందు ఎవురిదీ లేదు" అన్నాడు ట్యాంకర్ నడిపే ప్రొద్దుటూరు మస్తాన్ వలీ.

చివరికి ముసలాయనే దారి చెప్పాడు. అతిథిది ముందు కాలిస్తే ఎవరి ఒట్టూ పోదు, మునిస్వామి మన దేశానికి అతిథే కదా! మరి అతిథికి పొలమేదీ? అదెంత పని? అబూ ఫహద్ చేతికర్రతో తన పొలం మూల ఒక గీత గీసి, "ఇది వీడిది" అన్నాడు. తక్కిన ఇద్దరూ సాక్ష్యం పలికారు. సొంత ఊళ్లో సెంటు భూమి లేనివాడు తబూక్‌లో ఆసామి అయిపోయాడు.

"కానీ, ముందు నీది" అంటూ ముగ్గురూ లేచి నిలబడ్డారు.

కాగడా చేతిలోనే ఉంది. కాస్త వంగితే చాలు. ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? గుండె మీద చెయ్యి వేసుకుని, వచ్చీరాని అరబ్బీలో, "అయ్యో, నాదెందుకు? ముందు మీది కానీండి" అన్నాడు!

మస్తాన్ వలీ నెత్తి కొట్టుకున్నాడు. ఆసాముల ఆనందానికి మాత్రం పట్టపగ్గాల్లేవు. "భూమి చేతికొచ్చిన గడియలోనే ఎంత పెద్దమనిషి అయ్యాడో!" అని అబూ ఫహద్ కావలించుకున్నాడు. మళ్లీ కావా వచ్చింది. కావాతోపాటే గాలీ లేచింది. నెత్తి మీద మొదటి విమానం ఎగిరింది. ఇంక ఈ ఏడు పొగకు అనుమతి లేదని కబురొచ్చింది. మునిస్వామి సెలవూ పై ఏటికి పోయింది.

"ఎందుకన్న్యావురా ఆ మాట?" అన్నాడు మస్తాన్ వలీ.

"నోరు ఊరుకోలేదన్నా. పెద్దోళ్లు లేసి నిలబడి ముందు నువ్వు అంటే, ఊ అని ముందుకు పోతామా?" అంటూ మునిస్వామి తన కొత్త పొలంలోనే కూలబడి బావురుమన్నాడు.

సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకుని అబూ ఫహద్ మనసు కరిగింది. కర్ర తీసుకుని గీతను ఇంకాస్త అవతలికి జరిపాడు.