ఏడో వరుస

కంటైనరులో ఎన్ని పెట్టెలు పడతాయని అడిగితే చాలామంది భాగహారం చేస్తారు. లోపలి చోటును పెట్టె సైజుతో భాగించి ఒక అంకె చెప్పేస్తారు. అది బడిపిల్లల లెక్క. పెట్టెలు నీళ్లు కావు, మూలమూలకీ పారడానికి. పైగా అన్నిటికంటే కింద ఉన్న పెట్టె ఎంత మోయగలదన్నది ఆ భాగహారంలో ఎక్కడా కనిపించదు. అమెరికాలో నోవై అనే ఊళ్లో కార్ల టెయిల్ లైట్లు తయారుచేసే కంపెనీలో ఆ కింది పెట్టె గురించి ఆలోచించడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగం మీద నా హెచ్-వన్ వీసా, ఆ వీసా మీద మా ఆయనా, మా పాపా ఈ దేశంలో ఉన్నారు.

నా మేనేజరు తెలుగాయనే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం వెళ్లే తెలుగు చర్చికి సంఘ పెద్ద కూడా. నన్ను ఉద్యోగంలో పెట్టింది ఆయనే కాబట్టి మా ఇంటిల్లిపాదీ ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాం. ఆఫీసులోనూ నాకు అన్నయ్యే. మా పనంతా తెలుగులో, నోటిమాటగా నడిచేది. కారు దగ్గర ఒక మాట, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఒక మాట. అన్నయ్యను పట్టుకుని ఆ మాట మెయిల్‌లో పెట్టమని అడిగితే మొహం మీద ఉమ్మినట్టే.

జర్మనీ వెళ్లాల్సిన లోడుకు నేను ఆరు వరుసల ఎత్తు ప్లాన్ వేశాను. ఆరో వరుస పైన ఇంకో పెట్టె పట్టేంత ఖాళీ మిగిలింది. ఖాళీ చూస్తే అన్నయ్యగారికి ఒళ్లంతా దురద. ఆ ఆదివారం బిర్యానీ ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఏంటమ్మా, పైన అంత గ్యాప్ వదిలేశావ్? జర్మనీకి గాలి షిప్ చేస్తున్నామా?"

"చోటుంది అన్నయ్యా. కానీ కింద బాక్స్ ఐదిటినే మోస్తుంది. సముద్రం మీద తేమకి అట్ట మెత్తబడిపోద్ది. ఏడోది పెడితే కిందవి క్రష్ అయిపోతాయి."

"ప్రతిదానికీ భయమేనమ్మా నీకు. మనూళ్లో ఒక్క ఆటోలో పదిమందిని ఎక్కించట్లేదా? అడ్జస్ట్ చెయ్యి. నేనున్నాగా."

ఆయనున్నారని ప్లాన్ మార్చాను. ప్లాన్ కింద ఉన్న పేరు మాత్రం నాది.

జర్మనీలో తలుపులు తీసేసరికి కింది వరుసలు తొక్కిన అప్పడాల్లా ఉన్నాయి. లైట్లు పగిలిపోయాయి.

మీటింగులో హెచ్ఆర్ అమ్మాయి, అన్నయ్యగారు, నేను. ఆ రోజు మొదటిసారి ఆయన నాతో ఇంగ్లీషులో మాట్లాడారు. ఆరు వరుసలు దాటొద్దని తను ముందే హెచ్చరించారట, నేనే వినలేదట. గొంతు ఎక్కడా పెరగలేదు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది దగ్గర కూర్చుని చూశాను. "అన్నయ్యా, మీరేగా పెట్టమంది" అన్నాను తెలుగులోనే, నోటికి అదే వచ్చింది. ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, "షీ ఈజ్ అప్‌సెట్" అన్నారు. చూపించడానికి నా దగ్గర ఒక్క మెయిలూ లేదు. బిర్యానీ వచ్చి సాక్ష్యం చెప్పదు కదా.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల సమయానికి అన్నయ్యగారు లేచి నిలబడ్డారు.

"మన సిస్టర్‌కి జాబ్ పోయింది. వీసాకి టైం తక్కువ. తన అజాగ్రత్త వల్లే జరిగినా, ప్రభువు కనికరించాలని అందరం ప్రే చేద్దాం."

నన్ను ముందుకు పిలిచి మోకాళ్ల మీద ఉండమన్నారు. పాస్టరు అయ్యగారు నా తల మీద చెయ్యి ఉంచారు. పక్కనే అన్నయ్యగారూ ఉంచారు. ఆ చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది. విదిలించి లేవాలనిపించింది. అందరూ కళ్లు మూసుకున్నారు, లేచినా చూసేవాళ్లు లేరు. అయినా కొంగు సవరించుకుని ఆమెన్ అన్నాను. ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకున్నంతగా జన్మలో ఎవర్నీ అసహ్యించుకోలేదు.

పుండు మీద కారం భోజనాల దగ్గర పడింది.

"నీ ప్లేస్‌లో కొత్తమ్మాయి జాయిన్ అయిందమ్మా, మన తెలుగమ్మాయే. నీ లోడింగ్ షీట్ అర్థం కావట్లేదంట. సాయంత్రం కాల్‌లో ఎక్స్‌ప్లెయిన్ చేసెయ్." నేను నోరు తెరిచేలోపే నవ్వారు. "ఎక్కడ జాబ్ వచ్చినా రిఫరెన్స్‌కి నాకేగా ఫోన్ చేస్తారు."

నిజమే. రెడ్‌మండ్‌లో ఒక కంపెనీ నన్ను దాదాపు ఖాయం చేసుకుంది. మిగిలింది ఆ ఒక్క ఫోనే.

సాయంత్రం కాల్‌లో ముగ్గురం. ఆ అమ్మాయి షీటంతా శ్రద్ధగా విని, చివర్లో అడిగింది.

"అక్కా, పైన గ్యాప్ ఉంది కదా. సెవెన్ లేయర్స్ పెట్టొచ్చంటున్నారు అన్నయ్య. పెట్టొచ్చా?"

అప్పుడే ఆ పిల్లకీ అన్నయ్య అయిపోయారు. ఆయన లైన్‌లోనే ఉండి వింటున్నారు. పెట్టొచ్చు అంటే చాలు, మేం రెడ్‌మండ్ వెళ్లిపోతాం. పక్కగదిలో మా పాప హోంవర్క్ చేసుకుంటోంది.

"నువ్వూ హెచ్-వన్నేనా అమ్మా?"

"అవునక్కా."

"అయితే ఆ మాట అన్నయ్యని మెయిల్‌లో పెట్టమను, ఇంగ్లీషులో. పెడితే ఏడు. పెట్టకపోతే ఆరే."

ఆ అమ్మాయి సరేనంది, వినపడీ వినపడనట్టు. అన్నయ్యగారు మాత్రం చల్లగా, "థాంక్స్ అమ్మా, గాడ్ బ్లెస్ యూ" అని కాల్ కట్ చేశారు.

రెడ్‌మండ్ వాళ్లు ఆయనకు ఫోన్ చేశారు. ఆ తర్వాత నాకు చేయలేదు.

మా సామాను విశాఖపట్నం వెళ్లే కంటైనరులోకి ఎక్కించిన రోజు మంచు పడుతోంది. సాయానికి వచ్చిన సంఘస్థుల్లో అన్నయ్యగారూ ఉన్నారు, కొత్త గ్లౌజులు వేసుకుని. లోపలికి తొంగి చూశారు.

"పైన ఇంకో వరుస పడుతుంది కదమ్మా. ఎందుకంత గ్యాప్?"

నేను జవాబు చెప్పేలోపే, ట్రక్కు పక్కన నిలబడ్డ మా పాప తన అమెరికా యాసలో అంది.

"అంకుల్, అది మెయిల్‌లో పెట్టు."

అట్టపెట్టెలు మోస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. అన్నయ్యగారు నా వైపు చూశారు. పెద్దవాళ్లతో అలా మాట్లాడొద్దని నేను మందలిస్తానని ఎదురుచూశారు. నేను మందలించలేదు. డ్రైవరుకు తలుపులు మూయమని చెప్పాను.